కొండవీటిలో తుమ్మని మధ్యాహ్నం

ఆదివారం యార్డుకి సెలవు.
కాటాలు ముళ్ళు దించుకుని పడుకున్నాయి.
పద్దుల పుస్తకం మూశాను గానీ
వేళ్ళ సందుల్లో ఎరుపు మూతపడలేదు.

పదకొండేళ్ళుగా
టిక్కీల లెక్క రాసేవాణ్ణి నేను,
మోసేవాడు నాగుల్ మీరా.
మేమిద్దరం కలిసి చేసే పని ఒక్కటే,
తుమ్మడం.

"కొండవీడు పోదామా గుమస్తా గారూ"
అన్నాడు శుక్రవారం,
బస్తా వీపు మీద ఉండగానే,
టీ తాగుదామా అన్నంత తేలిగ్గా.

బోయపాలెం దగ్గర బస్సు దిగి ఆటో ఎక్కాం.
పత్తిచేలు, వాన నిలిచిన గుంటలు,
తడిసిన సున్నపు గోడ మీద పాత ఓట్ల రాతలు,
ఆ తర్వాత ఊరు.
కొండ ఒడిలో ఉందంటారు అందరూ.
నాకు మాత్రం కొండ జేబులోంచి
జారిపడ్డ చిల్లరలా కనపడింది:
కాసిని పెంకుటిళ్ళు, కొన్ని డాబాలు,
ఒక టీకొట్టు, దాని ముందు
ఎవరికీ దారివ్వని గేదె.

పైదాకా ఘాట్ రోడ్డుంది.
"మెట్లే మేలు" అన్నాడు మీరా.
బరువు లేకుండా ఎక్కితే
ఎట్లా ఉంటుందో చూడాలట.
చూశాడు.
సగం దారిలో చేతులేం చేసుకోవాలో తోచక
ఒక రాయెత్తి భుజాన పెట్టుకున్నాడు.
పది మెట్లు మోసి,
తనలో తనే నవ్వుకుని దించేశాడు.

కోట గురించి నన్నడక్కండి.
నాకు తెలిసిందల్లా
ఆ రాళ్ళను సున్నం వదిలేసిన చోట
నాచు పట్టుకుంది.
బురుజు పగుల్లోంచి ఒక రావిమొక్క
ఎవరో పిలిచినట్టు తల బయటపెట్టి చూస్తోంది.

పైన చెరువులు.
భాద్రపదం వానకి
ఒకటి నిండి రెండోదానికి పోస్తోంది,
అది ఇంకోదానికి.
ఎవరూ కాటా వేయడం లేదు.
తరుగు తీయడం లేదు.
నేను కాసేపు లెక్కపెట్టబోయి
సిగ్గేసి మానుకున్నాను.

చేతులు ముంచితే
చిన్న చేపలు గుంపుగా వచ్చాయి,
వాసన చూశాయి కాబోలు
గుంపుగానే వెళ్ళిపోయాయి.

తట్టలో సీతాఫలాలు పెట్టుకుని
దారి మలుపులో రుక్కిబాయి.
ఇంకా పది అడుగుల దూరాన ఉండగానే
"యార్డోళ్ళా?" అంది, ముక్కుకి కొంగడ్డం పెట్టుకుని.
"దూరంగా నిలబడి చూపించండి, నేనే ఇస్తా.
మెత్తటి కాయ, వాసన ఊరికే పట్టేస్తది."
డబ్బు మాత్రం మా చేతుల్లోంచే తీసుకుంది.
తీసుకుంటూ, మీరా భుజం వంక చూసి,
"మా అన్నక్కూడా అక్కడే కాయ కాసింది" అంది.
మూడేళ్ళు మోశాడట.
దగ్గుతో కొండెక్కాడట,
మళ్ళీ దిగలేదు.
మేం తలొంచుకున్నాం.
ఆమె పకపకా నవ్వింది,
"ఇదిగో, ఆ చెట్ల కింద మేకలు కాస్తున్నాడు,
పిలవమంటారా?"

రాతిబండ మీద వెల్లకిలా పడుకుని
గింజలు ఎవరు దూరం ఊస్తారో పందెం వేసుకున్నాం.
మీరాయే గెలిచాడు, ఊపిరి వాడిదే పెద్దది.
దూరాన గుంటూరు ఉండాల్సిన చోట
పలచని దుమ్ము రంగు తప్ప ఏమీ లేదు.
అంత చప్పుడూ, అంత ఘాటూ, అన్ని అప్పులూ
ఆ కాస్త మసకలో ఎట్లా పట్టాయో.

అప్పుడు గమనించాను,
పొద్దున్నుంచీ మాలో ఒక్కరం కూడా తుమ్మలేదు.
మీరాకి చెప్పలేదు.
చెబితే వస్తుందేమోనని.

చీకటి పడ్డాక తిరుగు బస్సు.
వాడు నా భుజం మీద తలపెట్టి నిద్రపోయాడు.
ఎప్పుడూ బస్తాలే ఒరిగే తల అది,
ఇంత తేలికని నాకు తెలియదు.
కిటికీలోంచి గాలి మారుతూ వచ్చింది:
తడి మట్టి, పత్తి, డీజిలు.
ఏటుకూరు దాటగానే
వాడు కళ్ళు తెరవకుండానే
బస్సంతా ఉలిక్కిపడేట్టు తుమ్మాడు.

"ఊరొచ్చేసింది" అన్నాడు.