ఆగితే వినపడేది

పెద్ద లైను మీద పరువు తీసిన ఇంజన్లను
మా బ్రాంచికి తోలేవాళ్లు.
ఆ రకం మొత్తం మూడే కట్టారట.
కట్టిన కంపెనీ అప్పటికే రైళ్లు మానేసి
బావి పంపులు అమ్ముకుంటోంది.
మూడోదాన్ని షెడ్డు వెనక నిలబెట్టి
దాని గుండె ఒకదానికి, ఊపిరి ఇంకోదానికి అమర్చి
రెంటిని నడిపేవాళ్లు.

ఉత్తర డకోటాలో మాది ఆఖరి స్టేషను.
గోధుమ గిడ్డంగి, చర్చి, బోర్డింగు ఇల్లు, మేము.
అరవై రెండు మైళ్లు,
గంటకు పాతిక దాటనివ్వని పాత పట్టాలు.
"అక్కడ చచ్చినా ఎవరికీ అడ్డం కాదు"
అన్నాడట పంపిన ఆఫీసరు.
ఇంజను గురించే అన్నాడు.
స్టేషను మాస్టరైన మా నాన్న
రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

డ్రైవరు ఆస్మండ్ రుడ్
ముప్పై ఏళ్లు ఆవిరింజను తోలినవాడు.
"బొగ్గుది ముసలావు.
జబ్బు చేస్తే వారం ముందే మూలుగుతుంది.
ఇది అలిగిన అల్లుడు.
ఎందుకు కదలడో చెప్పడు."

దానితో కాపురం చేయడానికి వాళ్లు నేర్చిన కిటుకులు
ఏ రూల్సు పుస్తకంలోనూ లేవు.
వంతెన ముందు ఎత్తు మీద ఆపకూడదు.
వాన పడితే ముక్కు మీద టార్పాలిన్ కప్పాలి.
ఎర్రదీపం మరీ వేధిస్తే
బల్బు ఊడదీసి జేబులో వేసుకోవాలి,
మెకానిక్ వెండెలిన్ బిట్నర్ చూడకుండా.

వెండెలిన్ ప్రతి ట్రిప్పుకీ వెంట వచ్చేవాడు,
నెలలు నిండినామె వెంట మంత్రసానిలా.
సంచిలో రెంచీలు, రై రొట్టె, పచ్చి ఉల్లిపాయ,
ఒక కొయ్య సుత్తి.
ఎక్కడ కొట్టాలో ఆయనకే తెలుసు.
అవతల జంక్షన్‌లో మాత్రం
ఓ ముసలి బొగ్గింజను
కడుపులో నిప్పు ఆరకుండా కాచుకుని ఉండేది,
ఎందుకైనా మంచిదని.
దాన్ని రిటైరు చేసి అప్పటికి రెండేళ్లు.

చలికాలం వేరే కథ.
డీజిలు ఒంట్లో తిరిగేవి ఉత్త నీళ్లు.
ఆపితే గడ్డ కడతాయి,
గడ్డ కడితే ఇనుము పగులుతుంది.
అందుకని మంగళవారం రాత్రంతా ఆపకుండా
మా గోడకు ఇరవై అడుగుల్లో వదిలేసేవాళ్లు.
గుడగుడ, గుడగుడ.
అలమారలో పళ్లేలు వణికేవి.
అమ్మ తల మీద దిండు పెట్టుకునేది.
నాకు ఆ మోతలోనే నిద్ర పట్టేది.

ఆ జనవరిలో నన్ను లేపింది చప్పుడు కాదు.
పళ్లేలు ఊరుకున్నాయి.

నాన్నకి జ్వరం. అమ్మ ఆయన దగ్గర.
ఆస్మండ్, వెండెలిన్
పొలాల అవతల బోర్డింగు ఇంట్లో.
నాకు పదమూడేళ్లు.
నాన్న కోటు, లాంతరు, పొయ్యి మీది కెటిలు.
కుళాయిలు నాలుగని తెలుసు,
నీళ్లు వదలడం ఎన్నోసార్లు చూశాను.
మూడు తిరిగాయి.
నాలుగోది మంచు పట్టి బిగుసుకుంది.
కెటిలు దాని మీద వంచి,
సుత్తి అందుకుని,
వెండెలిన్ మణికట్టు ఎలా వంగేదో
గుర్తు తెచ్చుకుని కొట్టాను.
నీళ్లు పొగలు కక్కుతూ కిందికి దూకాయి.
దూకినచోటే గాజయ్యాయి,
నా బూట్ల చుట్టూ.
కాళ్లు పీక్కుని
మేజోళ్లతో ఇంట్లోకి పరిగెత్తాను.

తెల్లారాక జంక్షన్ నుంచి ముసలిది వచ్చి
దాన్ని లాక్కెళ్లింది.
ఆస్మండ్ టోపీ తీశాడు.
ఎవరికి తీశాడో చెప్పలేను.
వెండెలిన్ గొడ్డలితో మంచు చెక్కి
నా బూట్లు నాకిచ్చాడు,
ఒకదానికి మడమ లేదు.
కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది,
అనుమతి లేని వ్యక్తి
యంత్రాన్ని ముట్టినందుకు సంజాయిషీ ఇమ్మని.
పొయ్యిలో వేస్తాడనుకున్నాను.
నాన్న దాన్ని బైబిల్లో దాచాడు.

మూడేళ్లకి ఇంజన్ని తుక్కుకి కొట్టారు.
ఇంకో పదేళ్లకి పట్టాలు పీకేశారు.

ఇప్పుడు ఫార్గోలో మూడో అంతస్తు నాది.
ట్రక్కులు పోతాయి, అంబులెన్సులు పోతాయి,
లేవను.
ఏ అర్ధరాత్రో ఫ్రిజ్ మోటారు ఆగుతుంది.
లేచి కూర్చుని
చీకట్లో కాళ్లతో
బూట్ల కోసం తడుముతాను.