అర గ్రాము

పగలంతా నా కిటికీ ముందు
ముప్పై టన్నుల నలుపు ఎక్కి దిగుతుంది.
చీమకుర్తి క్వారీ లోతుల్లోంచి లేచిన రాయి
ఒళ్ళంతా బంగారు నలుసులతో
లారీ మీద పెళ్ళికొడుకులా కూర్చుంటుంది.
స్లిప్పు మీద అంకె వేసి, ముద్ర కొట్టి
చెయ్యి బయటికి పెడతాను.
పది కేజీలు అటూ ఇటూ అయినా అడిగేవాడు లేడు.

రాత్రి,
బ్రహ్మయ్యాచారి దగ్గర అరువు తెచ్చిన కాటా మీద
అర గ్రాము సీసం తూస్తాను.
బుడబుక్కలవాడి డమరుకాన్ని
మిరియపు గింజంత చేసినట్టుంటుంది పెల్లెట్టు.
నడుము సన్నం, అంచు పల్చన.
అంచు నొక్కుకుంటే పక్కన పెట్టమన్నాడు,
వెంట్రుకంత బరువు తేడా వచ్చినా పక్కన పెట్టమన్నాడు
ఖాజావలి సారు,
డబ్బాలు దండిగా దొరికిన రోజుల్లో.

అట్టా పక్కన పెట్టినవాళ్ళందర్నీ
ఇప్పుడు బతిమాలి లోపలికి పిలుస్తున్నా.

హైదరాబాదు కొట్టువాడు ఫోనెత్తడం మానేశాడు.
ఎత్తినా ఒకటే మాట, "ఓడ రాలేదమ్మా."
రెండింతలిస్తానన్నా ఆ ఓడ రాలేదు.

డబ్బాలో డెబ్భై ఒకటి.
జిల్లా పోటీలో అరవై సార్లు పేల్చాలి,
అరవై తాకరాదు.
మిగిలిన పదకొండుతో నెల గడవాలి.
నెలాఖరు నూనె సీసాని ఎత్తి చూసినట్టు
డబ్బాని దీపం కింద వంచి చూస్తాను.

మూతపడ్డ పాలిషింగు షెడ్డే మా రేంజి.
సుద్దముక్కతో గీసిన పది మీటర్లు,
ఎంత ఊడ్చినా పోని రాతి బూడిద.
ముగ్గురం ఖాళీ తుపాకులతో నిలబడతాం.
ఎత్తు. ఊపిరి సగం వదులు. నిలుపు.
టిక్.
కాగితానికి ఏమీ కాలేదు.

"యాడ తగిలింది సువార్తా?"
"తొమ్మిది సార్. ఎడమకి జారింది."
పక్కన మస్తానమ్మ కొడుకు ప్రతిసారీ పదే అంటాడు.
సారు నవ్వడు.
"గుండు లేనప్పుడు పది కొట్టనోడు ఎవడ్రా!"

పంపు చాకిరీ మాత్రం తగ్గలేదు.
పేల్చినా పేల్చకపోయినా సిలిండరు కారుతుంది,
వాషరు పాతది, దానికీ ఓడ రావాలి.
నా యాభై రెండు కేజీలూ పిడి మీద వేసి
లోకంలో ఊరికే దొరికే గాలిని
చెమటిచ్చి కొనుక్కుంటాను.

ఆదివారం గుడి ప్రార్థన అయ్యాక
గురి వెనక ఇనప పెట్టె విప్పుతాం.
శనగబద్దల్లా నలిగిన సీసం,
ఏది పదో ఏది ఆరో ఆనవాలు లేదు.
"కరగేసి మళ్ళీ పోస్తే పోలా?" అన్నాడు పిల్లోడు.
పోశాం ఒకసారి, ఆచారి కొలిమిలో.
పాకం చెడిన బెల్లం ముక్కలు వచ్చాయి.
సారు ఒకటి గోటితో గీకి చూసి
"ఇది గొట్టంలో ఇరుక్కుంటే ఎవరిస్తారమ్మే
ఇంకో తుపాకి?" అన్నాడు.

అందుకని అదంతా
కొత్తపట్నం పోలేరయ్య పట్టుకెళ్తాడు వల గుండ్లకి.
బదులుగా గుడ్డసంచిలో ఎండు నెత్తళ్ళు.
మూడేళ్ళ నా పదులూ, ఏడులూ,
నాన్న పోయిన నెలలో చెయ్యి వణికి కొట్టిన నాలుగూ
ఇప్పుడు నీళ్ళ అడుగున
ఎవరి వలనో లేవనీకుండా పట్టుకుని ఉన్నాయి.
అక్కడ వాటికి స్కోరు లేదు, బరువుంటే చాలు.

ఈ సాయంత్రం ముప్పై తొమ్మిది టిక్కుల తర్వాత
సారు తల ఊపాడు. "ఇప్పుడు ఒకటి."

డబ్బా మూత తీశాను.
వేళ్ళకి అంటిన నల్లదనం పైటకి తుడిచాను.
ఎత్తి, సగం వదిలి, నిలిపి...
తుపాకి దించకముందే చెప్పాను,
"తొమ్మిది. ఎడమకి."

పిల్లోడు పరిగెత్తి కాగితం తెచ్చాడు.
సారు కళ్ళజోడు పైకి నెట్టుకుని
చాలాసేపు చూశాడు చిన్న చిల్లుని.
తొమ్మిదే. ఎడమకే.

డెబ్భై.