ఎర్ర బాణాలు

పీణ్యాలో నా పని తప్పులు పట్టడం.
దినానికి తొమ్మిది వందల చొక్కాలు
ట్యూబులైటు కింద నా ముందర నుంచి పోతాయి.
కాలరు వంకర, గుండీ వదులు, కుట్టు జారింది.
తప్పు కనపడిన చోట
గోరంత ఎర్ర బాణం స్టిక్కరు అంటిస్తా.
చొక్కా ఏమీ అనదు.

బడి నుంచి వచ్చిన చీటీ కన్నడంలో ఉంది.
నాకు కన్నడం నోటికి వచ్చు, కంటికి రాదు.
కిరాణా కొట్టు శెట్టి ఒక తీరుగా చదివినాడు,
మా లైను సూపర్‌వైజరు ఇంకో తీరుగా.
ఇద్దరి చదువులూ కలిపితే తేలింది ఇదీ:
ఏడో తరగతిలో పిల్లోళ్ళు ఎనభై ఇద్దరు,
పరీక్ష పెట్టి నలభై మందిని ఏరి
ముందు బ్యాచి అని వేరే గదిలో కూర్చోబెడతారు.
లెక్కలు, సైన్సు, నాలుగు నుంచి ఆరు దాకా.
ఆ నలభైలో మా భూమిక లేదు.
పద్దెనిమిది కాడ గీత గీసినారు.
దానికి పదిహేడు.

ఓబులేసు రానన్నాడు.
"ఒక్క మార్కుకి మేడం కాళ్ళు పట్టుకుంటావా?"
కాళ్ళకి కాదు, కొలత చూడ్డానికి పోతాండా అని
అరపూట జీతం కోయించుకుని
లగ్గెరె బడి వరండాలో కూర్చున్నా.

బెంచీ మీద నా పక్కన పంక్చరు షాపు నయాజ్.
వాళ్ళ పిల్లోడికి ఇరవై మూడంట.
సీటు వద్దని రాసిచ్చేదానికి వచ్చినాడు.
"నాలుగు నుంచి ఆరు, బండ్లన్నీ వచ్చేది అప్పుడే కదక్కా"
అని అరచేతుల నల్లమడ్డి చూసుకున్నాడు.
నా కడుపులో ఒక చిన్న సంతోషం కదిలింది:
ఒక ఖాళీ.
ఆ సంతోషం మొహం చూసి నాకే సిగ్గేసింది.
"రాసియ్యొద్దన్నా, ఒక వారం ఆగు" అన్నా.
ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.

జయశీల మేడం పేపరు చేతికిచ్చింది.
అక్షరాలు తెలీవు, అంకెలు తెలుసు.
కూడినా, పై నుంచి కిందికి,
మళ్ళీ కింది నుంచి పైకి.
ఎక్కడో ఒక తప్పు దొరకాలి దేవుడా అని
చొక్కాల కాడ ఎన్నడూ కోరనిది కోరుకున్నా.
పదిహేడే.
తొమ్మిదేండ్లు తప్పులు పట్టిన కండ్లకి
కావాల్సిన ఒక్కటి దొరకలేదు.

"మేడం, మా కాడ బాణం పడిన చొక్కాని
ఎవరూ పారేయరు.
ఆల్టరు బుట్టలో వేస్తాం.
విప్పి, కుట్టి, మళ్ళీ నా ముందరికే పంపిస్తారు.
మీ బడిలో ఆ బుట్ట యాడుంది?"

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు.
"గది ఒకటే అమ్మా, మాస్టరు ఒకరే" అంది.
నలభై పేర్ల కింద, కాగితం అంచులో
పెన్సిలుతో ఏదో రాసుకుంది.
పెన్సిలు రాత. ఎవరన్నా చెరపొచ్చు.

ఇంటికొచ్చి భూమికకి ఏమీ చెప్పలేదు.
నాలుగున్నరకి కొళాయి వస్తుంది,
తమ్ముణ్ణి అంగన్‌వాడీ నుంచి తేవాల.
సీటే వస్తే ఆ రెండు గంటలు ఎవరు మోస్తారో
ఆ కూడిక నేనింకా మొదలే పెట్టలేదు.

అది పడుకున్నాక లెక్కల పుస్తకం తెరిచినా.
పేజీల్లో అక్కడక్కడా ఎర్ర బాణాలు,
నా కొంగుకి అంటుకుని ఇల్లు చేరినవి.
గుండె ఝల్లుమంది.
నా బిడ్డ కూడా తన్ను తాను చెకింగు చేసుకుంటాందా?
లేపి అడిగితే, కండ్లు తెరవకుండానే,
"తప్పులు కాదుమా,
అక్కడ అర్థం కాలే. ఎవర్నన్నా అడగాల. గుర్తుకి"
అని అటు తిరిగి పడుకుంది.

బల్బు కింద కూర్చుని లెక్కబెట్టినా.
పదకొండు బాణాలు. భిన్నాల కాడే ఆరు.
నయాజ్ కొడుక్కి భిన్నాలు బాగా వచ్చునేమో.
రేపు లైనులో ఎవరూ చూడకుండా
ఇంకో చుట్ట జాకెట్లో దాచుకొస్తా.