చీపురు బండి

నా బండి ముందు రేకుకి
ఒక చీపురు నిలబెట్టి తాడుతో కట్టారు.
దేన్నీ ఊడవదది.
వెనక్కి తిరిగి చూసినవాడికి
నేనెంత దగ్గరికొచ్చానో తెలియడానికి,
అంతే.

పదకొండేళ్లుగా ఇదే కొలువు.
ఫ్రాన్స్‌ని చుట్టే ఈ సైకిళ్ల పందెంలో
అందరికంటే వెనక నేను.
ముందు బిస్కెట్ల కంపెనీ వాళ్లు టోపీలు విసురుకుంటూ పోతారు,
తర్వాత మోటారుసైకిళ్లు, ఫోటోలవాళ్లు,
ఆ తర్వాత పసుపు చొక్కా.
ఆ పసుపు ఏ పువ్వుదీ కాదు, పొద్దుదీ కాదు.
పందెం మొదలెట్టిన పత్రిక కాగితానిది.
మా అమ్మ చిన్నప్పుడు దాంట్లో చేపలు చుట్టి ఇచ్చేవారట.
దాని కోసం మనుషులు ఊపిరితిత్తులు కక్కుకుంటారు.

నేను చేరేసరికి ఏ ఊళ్లోనూ ఏమీ మిగలదు.
మడత కుర్చీలు మడిచేస్తుంటారు.
తారు మీద సున్నంతో రాసిన పేర్లు
టైర్ల కింద సగం చెరిగి
ఒకరి పేరు మరొకరి పేరులో కలిసిపోయి ఉంటుంది.

ఆ ఏడు కడగొట్టువాడు లీవెన్.
ఫ్లాండర్స్ వాడు, ఇటుక బట్టీలో పెరిగినవాడు.
రైలు చివరి పెట్టెకి ఎర్రలాంతరు వేలాడుతుందే,
ఆఖరివాణ్ణి ఇక్కడ ఆ పేరుతోనే పిలుస్తారు.
లాంతరు కనబడిందంటే
రైలు మధ్యలో తెగిపోలేదని అర్థం.
తొమ్మిది రోజులు వెలిగాడు నా కళ్లముందు.

టూర్మలే కొండ ఎక్కుతుంటే
కిటికీలోంచి తల బయటపెట్టి చెప్పాను:
"ఎక్కవయ్యా. వెనక బెంచీ మీద దుప్పటి ఉంది.
ఒక ఇటలీవాడు, ఇద్దరు బ్రెటన్లు పేకాడుతున్నారు,
నాలుగో చెయ్యి తక్కువైంది."
వాడు నా వంక చూడలేదు.
ఉమ్మేశాడు.
అందులో దుమ్ముంది, కొంచెం రక్తం కూడా.

నడిచేవాడి వేగంతో బండి నడపడం
ఎంత కష్టమో ఎవరికి చెప్పుకోను?
గేరు మూలుగుతుంది,
క్లచ్ మీద కాలు వణుకుతుంది.
శిఖరం రెండు కిలోమీటర్లుందనగా
తెల్లగా ఆవిరి లేచింది.
ఇంజను అలిగి కూర్చుంది.
పేకాట ఆగిపోయింది.

ముప్పై గజాల పైన లీవెన్ ఆగాడు.
చీపురు వైపు చూశాడు, చాలాసేపు,
వరస గుర్తురాని చుట్టాన్ని చూసినట్టు.
దిగి వచ్చాడు.
సీసా మూత పళ్లతో లాగి
ఉన్న నీళ్లన్నీ నా రేడియేటర్‌లో వంచాడు.
"నువ్వు రాకపోతే
నేను ఆఖరివాణ్ణని ఎవరికి తెలుస్తుంది?"
అని, మళ్లీ ఎక్కాడు.

సాయంత్రం లెక్కల బల్ల దగ్గర
మెస్యూ దర్రిగాడ్ కళ్లజోడు సర్దుకున్నాడు.
ఈ కొండ దిగువ పల్లెలోనే,
మొదటి యుద్ధానికి ముందు ఏడు,
ఫోర్కు విరిగిన ఒకాయన
సైకిల్ భుజానేసుకుని నడిచి నడిచి
కమ్మరి కొలిమిలో తనే అతుక్కున్నాడు.
తిత్తి ఊదింది ఒక పిల్లాడు.
సాయం పుచ్చుకున్నందుకు ఆయనకి జరిమానా పడింది.
ఆ సంగతి మా అందరికీ కంఠతా వచ్చు.

"ఇతను సాయం పుచ్చుకోలేదు, ఇచ్చాడు" అన్నాను.
దర్రిగాడ్ పుస్తకం అటూ ఇటూ తిప్పాడు.
ఇవ్వకూడదని ఎక్కడా లేదు.
అయినా
గడియారానికి ఇవేమీ పట్టవు.
నాలుగు నిమిషాలు ఆలస్యం.

వీపు మీది అంకె విప్పడం నా పనే.
నాలుగు పిన్నులు.
మూడు తేలిగ్గా వచ్చాయి.
నాలుగోది తుప్పు పట్టి గుడ్డని వదల్లేదు.
వాడు కదలకుండా నిలబడ్డాడు,
దర్జీకి కొలతలిస్తున్న పెళ్లికొడుకులా.
ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.
చివరికి పంటితో కొరికాను.

మర్నాడు ఇంకొకడు ఆఖరివాడు.
ఎవడో ఒకడు ఉండాలిగా.
బండి తియ్యబోయే ముందు
రేడియేటర్ మూత తిప్పి చూశాను.
అడుగున ఇంకా కొన్ని ఉన్నాయి.