కుడికాలు మెంతి, ఎడమకాలు బుడ్డలు

జిప్పు వంకర పోయిందని
మేస్త్రీ మూలకు విసిరేసిన జీన్సు ప్యాంటు.
సైజు ముప్పై ఆరు.
రెండు కాళ్ళకూ అడుగున గట్టిగా కుట్టేసి
మూడుసార్లు ఉతికినా నీలమే కారింది.
ఐదోసారికి నీళ్ళు తేటబడినాయి.
కొళాయి వారానికొకసారి వచ్చే రాయదుర్గంలో
ఐదు బకెట్లంటే
మా అత్త చూసిన చూపు వేరే చెప్పాల్నా!

పిల్లోళ్ళు నింపినారు.
కుళ్ళాయప్ప ఎర్రమట్టి,
పక్కింటి ఆఫ్రీన్ మేకల ఎరువు.
నడుము దాకా నిండినాక
మిద్దె మీద పిట్టగోడకు ఆనిస్తే
తల లేని మనిషొకడు
ఎండకు కూర్చున్నట్టుండె.

కుడికాలు మెంతులకు.
పోపుల డబ్బాలోంచి పిడికెడు
నన్నడక్కుండానే తీసినారు.
పూటకోసారి వేలుపెట్టి కెలికి
"మా, ఇంగా నిద్ర లేయలే" అని ఫిర్యాదు.
మూడోనాడు మట్టి పగిలింది.
ఇరవయ్యో నాడు పప్పులో పడింది.
చేదని ఇద్దరూ మొహం చిట్లించి
మాదే కదా అని
గిన్నె నాకినారు.

గొడవంతా ఎడమకాలు దగ్గరే.
బుడ్డలు పెడతామన్నారు.
"ఏమన్నా పెట్టుకోండి, అదొద్దు"
మంచం మీంచి మా మామ ఎర్రిస్వామి.
నాలుగెకరాలు పెట్టినోడు.
పూత పూసిన నెలంతా చుక్క పడలే.
ఆ ఏడు చెట్టు పెరికితే
చేతికి వేర్లే వచ్చినాయి.
ఇప్పుడు నేను కుట్టే యూనిట్ గేటు కాడ
రాత్రి కాపలా.
ఇంట్లో చట్నీకి బుడ్డలు వేయిస్తే
వాసనకు లేసి బయటికి పోతాడు.

వద్దంటే వింటే పిల్లోళ్ళెట్లయితారు?
ఐదు గింజలు పెట్టినారు.
మూడు చీమలకు.
రెండు మాకు.

పసుప్పచ్చ పూలొచ్చిన వారానికి
ఆఫ్రీన్ ఏడ్చుకుంటా దిగొచ్చింది.
"పూలు చచ్చిపోయినాయి,
కాడలు కిందికి వంగిపోతాన్నాయి!"

మామ తువ్వాల దులిపి భుజానేసుకున్నాడు.
పదమూడు మెట్లు.
మోకాళ్ళ నొప్పని ఎన్నడూ ఎక్కనోడు.
"చావలేదు పాపా, ఊడ దిగుతాంది.
దీనికి పువ్వు పైన, కాయ లోపల.
నేల మెత్తగుంటేనే దిగేది.
గట్టిగుంటే..."
అని ఆపేసి
మొదట్లో మట్టి గుల్ల చేసినాడు,
నిద్రపోయే బిడ్డ కింద
పక్కబట్ట మార్చినట్టు.

ఆ పొద్దు నుంచి
మొహం కడిగిన నీళ్ళు
చెంబుతో ఆయనే పైకి మోసినాడు.
మేమెవరం అడగలే.
అడిగితే మానేస్తాడని భయం.

నూట పది రోజులకు పెరికినారు.
పందొమ్మిది కాయలు, అందులో రెండు లొట్టలు.
వారం ఎండబెట్టేలోగా
పదిహేను కాయలు ఎట్లా మాయమైనాయో
ఉడతలకే తెలియాల,
ఆ ఉడతల నోట్లో ఉప్పు వాసనుండె.
ఉండే రెంట్లో ఒకదాన్ని
మామ చెవి దగ్గర పెట్టుకొని ఆడించినాడు.
గింజ పలికింది.
వలవలే.
రెండూ చొక్కా జేబులో ఏసుకొని
డ్యూటీకి పోయినాడు.

తెల్లారి మిషన్ కాడికి పోతే
మేస్త్రీ నన్నాపి అడిగినాడు:
"ఏమ్మా, మీ మామ పంచె కట్టేటోడు కదా,
డ్యామేజీ ప్యాంట్లు నాలుగు
ఎందుకు ఏరి పెట్టుకున్నాడు?"