పాల ట్యాంకరు, నవంబరు

తెల్లవారుజామున మూడింటికి
మూడో నియోజకవర్గంలో బండి తీస్తాను.
చలికి స్టీరింగు చేతులు కరుస్తుంది.
ఈ ఏడు అధ్యక్షుడి ఎన్నిక కాదు,
పెళ్లికొడుకు లేని పెళ్లి.
బాజాలకు మాత్రం తక్కువ లేదు.

రేడియోలో ఒక గొంతు
లొయెల్ బ్రాట్‌వెట్ అనే మనిషిని తిడుతుంది:
పన్నులు పెంచాడట,
ముసలివాళ్ల మందుల డబ్బు మింగాడట.
కొండెక్కి దిగేసరికి స్టేషను గరగరలాడి
ఏడో నియోజకవర్గం తగులుతుంది.
అక్కడ తిట్లు తినే పేరు వేరు,
తిట్టే గొంతు అదే.
అద్దె గొంతు.
ఎక్కడో వెచ్చటి గదిలో కూచుని
విస్కాన్సిన్ మొత్తాన్నీ వంతులవారీగా భయపెడుతోంది.
పాపం, దాని కూలి దానిది.

ఆర్విడ్ స్కోగెన్ ఇంటిముందు రోడ్డే గీత.
రాజధానిలో ఎవరో కంప్యూటరు మీద గీశారు.
కంచె వేయలేదు, రాయి పాతలేదు,
అతని కుక్క రోజుకు నలభైసార్లు దాటుతుంది.
ఇల్లు ఇవతల మూడో దాంట్లో,
పశువుల కొట్టం అవతల ఏడో దాంట్లో.
"నాకంటే నా ఆవులకే మంచి ప్రతినిధి దొరికాడు" అంటాడు.
అన్న ప్రతిసారీ కొత్తగా నవ్వుతాడు.
నేనూ నవ్వుతాను.
గొట్టం తగిలించాక
పాలు ఎక్కేదాకా చేయడానికి ఇంకేముంది.

ట్యాంకరులో రెండు నియోజకవర్గాల పాలూ కలిసిపోతాయి.
ఈ మాట ఓసారి బ్రాట్‌వెట్ మనిషికి చెబితే
వెంటనే పుస్తకంలో రాసుకున్నాడు, ప్రసంగానికి.
చెప్పినందుకు సిగ్గేసింది.

మంగళవారం సాయంత్రం ఓటు.
టౌన్‌హాలు షెడ్డులోంచి మంచు తోసే బండిని బయటికి నెట్టి
ఆ చోట బల్లలు వేశారు.
డీజిల్ వాసన ఇంకా పోలేదు.
పేరూ చిరునామా పైకి చెప్పాలి ఇక్కడ.
వర్నా క్లెమెట్‌సన్ నలభై ఏళ్లుగా నన్నెరుగును,
మా అమ్మ శవపేటిక మోసినవాళ్లలో ఆమె మొగుడొకడు,
అయినా కళ్లద్దాల పైనుంచి చూసి
"పేరు?" అంటుంది.
బడిలో హాజరు పలికినట్టు పలుకుతాను.

నా ముందు మై యియా థావో,
నది పక్కన దోసతోట ముసలామె.
మనవరాలు చెవిలో మోంగ్ భాషలో ఏదో చెబుతోంది.
ముసలామె చేయెత్తి ఆపింది.
మట్టి ఇంకిన వేళ్లతో పెన్ను పట్టుకుని
గుండ్రటి గడిని నింపింది,
విత్తనం చుట్టూ మన్ను అదిమినట్టు,
గట్టిగా, రెండుసార్లు.
ఓటేశానని చెప్పే స్టిక్కరు ఇస్తే
కోటుకు కాదు, ఫ్లాస్కుకు అంటించింది.

రాత్రి బారులో టీవీ.
మా రాష్ట్రం ఎనిమిది ముక్కలుగా వేలాడుతోంది
కసాయి కొట్లో పటంలా.
ఒక్కో ముక్కకే రంగు పడుతోంది, ఎరుపో నీలమో.
ఎక్కిళ్లు పడుతున్న డెల్‌మర్
పేకాట ఆపి మరీ అరుస్తున్నాడు.
మా ముక్క ఒంటిగంట దాకా బూడిదరంగులోనే ఉంది.
నాకా రంగు నచ్చింది.
ఎవరిమీద ఎవరూ గెలవని ఆ కాసేపు
మేమంతా తలా ఒక బీరు తాగాం.

పొద్దున ఆర్విడ్ వాకిట్లోనే ఉన్నాడు.
పేర్లు పాతిన రేకులు రాత్రి మంచుకు
చెరోవైపు ఒరిగాయి.
"ఇల్లు ఓడింది, కొట్టం గెలిచింది" అన్నాడు.
ఈసారి తను నవ్వలేదు.

పాలగదిలో తొట్టి మూతెత్తి
కొలకర్ర దించాను.
ఎప్పటి గీతకు జానెడు కిందే ఆగింది తెలుపు.
తలుపులోంచి చూస్తే
కొట్టంలో ఆ చివర వరుస ఖాళీ,
గడ్డి మాత్రం శుభ్రంగా పరిచి ఉంది.
"శనివారం" అన్నాడు. "పదకొండు."
ఎవరికి, ఎంతకు, నేనడగలేదు.

చీటీ మీద అంకె రాశాను.
కర్ర తుడిచి, మళ్లీ దించి,
మళ్లీ చూశాను.
అదే అంకె.