జబ్బ మీది మచ్చ

బైరాగిపట్టెడ మలుపు తిరగంగానే
ఆటోలో బెల్లం వణుకుతుంది.
పదకొండేళ్లుగా, గంగజాతర ముగిసిన వారానికి
ఇదే దోవ.
కార్డు నిండా రబ్బరు ముద్రలు.

ఈసారి డాక్టరు హంసవేణి సూది తీయలేదు.
కార్డు తిప్పి తిప్పి చూసి
"పిచ్చికుక్క టీకా మానేది లేదు, దానికింకా గడువుంది.
మిగిలినవి మూడేళ్లకోసారి చాలు.
ఒళ్లు అంత తొందరగా మరిచిపోదక్కా" అనింది.

మరి ఇన్నేళ్లూ?
అడగబోయి ఆగినాను.
అప్పుడు చదివింది అప్పుడు చెప్పింది,
మళ్లా చదివి ఇప్పుడు చెప్తా ఉంది.

నా జబ్బ మీద అమ్మవారి టీకా మచ్చ,
రూపాయి బిళ్లంత.
ఒకటో తరగతిలో వేసినారు.
మళ్లా ఎవురూ అడగలేదు.

తిరుగుదోవలో బెల్లం
కొండగాలికి చెవులాడిస్తా
ఆ మచ్చను నాకింది,
చెమట ఉప్పు కోసమేలే.